ఈరవ్వ ఫోటోకు కాగితం మల్లెలు

బోధన్‌లో శక్కర్‌నగర్ వైపు పోయే సడక్ మీద ఎవరినైనా ఆపి త్రివేణి ఇల్లు ఎక్కడని అడగండి. ఇంటి నంబరు చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకరు. "పూలను బట్టల లెక్క దండెం మీద ఆరేస్తరు సూడుండ్రి, గదే ఇల్లు" అంటారు. మాట నిజమే. వాకిట్లో దండెం మీద ఒక పక్క ఆమె మొగుడు పరమేశ్వర్ చొక్కాలు, ఇంకో పక్క మైనంలో ముంచి తీసిన కాగితం గులాబీలు తలకిందులుగా వేలాడుతుంటాయి. కొత్తవాళ్లు ఆగుతారు, అటూ ఇటూ చూసి ఒక పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుంటారు, ఉత్త మైనం వాసన తగలగానే సిగ్గుపడి గబగబా నడిచిపోతారు. కిటికీ వెనక కూర్చున్న త్రివేణికి అది చూస్తే ఎంత సంబరమో! "పడ్డడు, ఇంకొకడు పడ్డడు" అని తనలో తాను నవ్వుకుంటుంది.

నలభై ఏళ్ల మనిషి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పొయ్యి మీద పాలు పెట్టి ఆ సంగతే మరిచిపోతుంది. పప్పులో ఒకనాడు ఉప్పు రెండుసార్లు పడుతుంది, ఇంకొకనాడు అసలే పడదు. పలకరిస్తే, బావిలో నుంచి వచ్చినట్టు కాసేపటికి గాని జవాబు రాదు. కానీ చేతికి కత్తెర ఇచ్చి చూడండి! ముడతల కాగితాన్ని బొటనవేళ్లతో మెల్లగా సాగదీసి రేకకు గుంట తెస్తుంది. చీపురుపుల్ల మీద చుట్టి మొగ్గ తీస్తుంది. పసుపు నీళ్లలో వేలు ముంచి రేక అంచుకు అలా తాకించిందంటే, నిన్న రాత్రి పూసి ఇవాళ కొంచెం అలిసిన పువ్వు అది. గుమ్మానికి తోరణాలు, గోడకు తామరలు, కిటికీలకు బంతిపూల తెరలు, పసిపిల్లల తొట్టెల మీద వేలాడే గుత్తులు. బోధన్‌లో ఆమె పువ్వు లేని పెండ్లి పందిరి తక్కువ.

ఈ విద్య ఆమెకు పక్కింటి జకియా ఆపా పెట్టిన భిక్ష. జకియా పుట్టింటివాళ్లు సెహ్రాలు, అంటే పెండ్లికొడుకు ముఖం మీద వేలాడే పూల పరదాలు, కట్టేవాళ్లు. త్రివేణి కొత్త కోడలిగా ఆ గల్లీకి వచ్చినప్పుడు ఆపా ఆమెను ముందు కూర్చోబెట్టుకొని రేక కత్తిరించడం కన్నా ముందు ఇంకొకటి నేర్పింది.

"పువ్వు చేసేటప్పుడు గది ఎవల కోసమో దిల్ల పెట్టుకోవాలె. లేకుంటే గది పువ్వు కాదే పోరీ, ఉత్త కాయితం."

ఆపా ఏదో మాటవరసకు చెప్పింది. త్రివేణి పట్టుకున్న పట్టు మాత్రం ఉడుం పట్టు. అప్పటి నుంచి ఎవరి కోసం పువ్వు చేసినా, ముందు ఆ మనిషిని మనసులోకి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, మాట్లాడుతూ చేస్తుంది. ఎన్నడూ చూడని పెండ్లికూతురు నవ్వు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇంకా పుట్టని బిడ్డ ఏడుపు కూడా తెలుసు. ఇది పిచ్చి కాదా అంటే, కాదని నేను మాత్రం అనను. అయినా ఆ పూలు చూసినవాళ్లు ఆ పిచ్చిని ఒక్క మాట అనలేదు.

ఈ కార్తీకంలో నిజామాబాద్ నుంచి సుమన అనే ఆమె వచ్చింది. వినాయక్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నారు, పదిహేను రోజుల్లో గృహప్రవేశం. గుమ్మానికి తోరణం, హాల్లో బంతిపూల తెరలు చెప్పి, చివరకు సంచిలో నుంచి తన తల్లి ఫోటో ఒకటి తీసి పదిలంగా త్రివేణి చేతిలో పెట్టింది. పాత నలుపు తెలుపు ఫోటో. రూపాయి బిళ్లంత బొట్టు, గడ్డం మీద పుట్టుమచ్చ, కెమెరా వాడిని ఇప్పుడే తిట్టబోతున్నట్టు చూస్తున్న కళ్లు.

"మా అవ్వ. పెద్దగ చేపిచ్చి ఫ్రేం కట్టియ్యుండ్రి అక్కా. ఇంట్లకు అడుగు వెట్టంగనే ముందుగాల గామెనే కనవడాలె. సుట్టు పూలు మీ మనసుకు ఎట్ల తోస్తే గట్ల చెయ్యుండ్రి. నేనేం చెప్ప."

పద్దెనిమిదేళ్లలో "నీ మనసుకు తోచినట్టు చెయ్యి" అన్నవాళ్లు ఆమెకు మొదటిసారి తగిలారు. త్రివేణి ఫోటోను రెండు చేతులా పట్టుకుంది. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఎట్లా తోస్తుంది? మన ఇండ్లల్లో బతికున్నవాళ్ల ఫోటోలు ఫోన్లలో ఉంటాయి, పెండ్లి ఆల్బంలో ఉంటాయి. పెద్దగా చేయించి, ఫ్రేము కట్టించి, హాల్లో ఎదురుగా మేకు కొట్టేది పోయినవాళ్లకే కదా!

ఆ సాయంత్రం పరమేశ్వర్ ట్రాలీ ఆటో ఆపి లోపలికి వచ్చి ఫోటో చూశాడు. బోధన్‌కు నిజామాబాద్‌కు మధ్య సామాన్లు తోలే మనిషి. మాట ఖర్చు పెట్టాలంటే అంత పిసినారి ఇంకొకడు ఉండడు.

"ఉన్నదా, పోయిందా?" అన్నాడు.

"కండ్లు సూస్తే తెల్వదా? ఎప్పుడో పోయింది పాపం" అంది త్రివేణి, ఘంటాపథంగా.

పరమేశ్వర్ ఇంకొక మాట ఖర్చు పెట్టకుండా కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఇక్కడ త్రివేణి తల్లి సంగతి చెప్పాలి. ఆమె పోయేనాటికి త్రివేణికి ఏడేళ్లు. ఫోటో అన్నది ఒక్కటీ లేదు. త్రివేణికి మిగిలిందల్లా ఒక్క జ్ఞాపకం. పొద్దున్నే చేనుకు పోతున్న తల్లి వెనక తాను నడుస్తోంది. ముందు తల్లి కొప్పు కనిపిస్తోంది. కొప్పులో ఒక పువ్వు ఉంది. ఆ పువ్వేదో మాత్రం తెలియదు. కలలో వచ్చినప్పుడల్లా అది మారుతుంది. ఒకనాడు తెల్లగా, ఒకనాడు పచ్చగా. తిరిగి చూడవే అవ్వా అని పిలవబోయేసరికి తెల్లవారుతుంది.

పెద్దయ్యాక ఒకసారి తండ్రి ఆశన్నను అడిగింది. "బాపూ, అవ్వకు ఏ పువ్వంటే పానముండె?"

ఆశన్న చెడ్డవాడేమీ కాదు. భార్య పోయాక మళ్లీ పెండ్లి ముఖం చూడలేదు. చాలాసేపు ఆలోచించాడు కూడా. "పువ్వులా? ఎవలు సూసిండ్రు బిడ్డా. పొద్దందాక చేన్ల పనాయె" అన్నాడు.

ఆ మాట త్రివేణి గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. పదేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషికి తెలియదు. చిన్నమ్మలకు తెలియదు. ఇంకెవరికీ తెలియదు. మనిషి పోతే పోయింది, ఆమెకు ఇష్టమైనది కూడా ఆమెతోనే మట్టిలో కలిసిపోవాలా? అప్పటి నుంచి ఆమెకు ఒక భయం పట్టుకుంది. రేపు తాను పోతే? ఈ పరమేశ్వర్‌ను ఎవరైనా అడిగితే ఏం చెబుతాడు? ఒక్కసారి అడిగి చూస్తే పోదా అనుకుంటుంది. నాలుక చివర దాకా వస్తుంది. బాపు చెప్పిన మాటే ఈయన నోటా వస్తే తట్టుకోలేనని మింగేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా మింగుతూనే ఉంది.

అందుకే ఆ ఫోటో ముందు కూర్చున్నప్పుడు త్రివేణి చేతులు ఆమె మాట వినలేదు. సుమన అడిగింది ఫ్రేము చుట్టూ పూలు. ఈమె చేసింది దండ. మామూలు దండ కూడా కాదు. పల్చటి తెల్ల కాగితం తీసి, ఒక్కొక్క మల్లెమొగ్గను చీపురుపుల్ల మీద చుట్టి, తొడిమ దగ్గర లేత ఆకుపచ్చ అద్ది, దారానికి జత జతగా కట్టింది. మధ్యాహ్నం గల్లీ అంతా సద్దుమణిగేది. కిటికీలో నుంచి ఎండ వచ్చి కాగితం మీద పడి గదంతా తెల్లగా, పాలలో ముంచినట్టు అయ్యేది. ఫోటోలోని మనిషి మెల్లగా దిగి వచ్చి ఎదురుగా పీట మీద కూర్చునేది. త్రివేణి ఆమెకు తన సంగతులన్నీ చెప్పుకునేది. పాలు పొంగిపోయిన సంగతి, జకియా ఆపా మోకాళ్ల నొప్పుల సంగతి, పరమేశ్వర్ మూగనోము సంగతి. ఆమె అన్నీ వింటూ "ఊఁ" కొట్టేది. ఒక్కోసారి ఆమె అటు తిరిగితే కొప్పు కనిపించేది, అది సుమన తల్లి కొప్పో, తన తల్లి కొప్పో త్రివేణికి తెలిసేది కాదు. కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ నీళ్లతోనే మొగ్గలు కట్టింది. పదిహేను రోజుల్లో ఎంత చేరువ అయ్యారంటే, పొద్దున లేవగానే "అవ్వా, చాయ్ తాగుతవా?" అని ఫోటోను అడిగే దాకా వచ్చింది.

గృహప్రవేశానికి ముందురోజు సామానంతా ఆటోలో ఎక్కించుకొని బయలుదేరారు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. ఎడపల్లి దాటాక సూర్యుడు కందిపప్పు రంగులో పైకి వచ్చాడు. ఒళ్లో ఫోటో పెట్టుకొని త్రివేణి ఆ మంచులోకి చూస్తూ ఏ లోకంలో ఉందో ఆమెకే తెలియాలి.

వాళ్లు చేరేసరికి సుమన లేదు, బస్టాండుకు పోయిందని పక్కింటివాళ్లు అన్నారు. తాళం తీసి ఉంది. భార్యాభర్తలిద్దరూ తోరణం కట్టారు, తెరలు వేలాడదీశారు. చివరకు పరమేశ్వర్ హాల్లో ఎదురుగోడకు మేకు కొట్టి ఫోటో తగిలించాడు. త్రివేణి దండ వేసింది. అంతటితో ఊరుకుంటే ఆమె త్రివేణి ఎందుకవుతుంది? ఫోటో అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టింది. కింద పీట వేసి దాని మీద దీపం వెలిగించింది. చేతులు జోడించి, కళ్లు మూసుకొని, "అవ్వా, ఈ ఇంటిని సల్లగ సూడు" అని మొక్కింది.

"ఎవలను మొక్కుతున్నవ్ బిడ్డా?" అని వెనక నుంచి వినిపించింది.

త్రివేణి తిరిగి చూసింది. గుమ్మంలో ఒక ముసలమ్మ, చంకలో గుడ్డసంచితో నిలబడి ఉంది. అదే బొట్టు, గడ్డం మీద అదే పుట్టుమచ్చ, తిట్టబోతున్న అవే కళ్లు. జుట్టు మాత్రం తెల్లబడింది.

ఇంకొకరైతే కెవ్వుమని పడిపోయేవారు. పదిహేను రోజులుగా ఆమెతోనే ముచ్చట్లు పెట్టిన త్రివేణికి ఆశ్చర్యం అన్నదే కలగలేదు. "వచ్చినవా అవ్వా? రా, కూసో" అని పీట కోసం చూసింది.

ముసలమ్మ వెనకే లోపలికి వచ్చిన సుమన పెట్టిన కేకకు త్రివేణికి తెలివి వచ్చింది.

"అయ్యో అయ్యో! ఏంది అక్కా ఇది! మా అవ్వకు దండేసినవా? దీపం గూడ వెట్టినవా? బతికున్న మనిషికి!" సుమన నెత్తి కొట్టుకుంది. "రేపు పూజ వెట్టుకొని గింత అపశకునమా! సిరికొండ నుంచి ఇప్పుడే బస్సు దిగింది. గామె ముంగటనే గిట్ల..." ఆపైన ఏడుపే.

త్రివేణి గోడ మీది దండను, గుమ్మంలోని మనిషిని మార్చి మార్చి చూసింది. పరమేశ్వర్ దీపం ఆర్పి, "తప్పు మాదే అమ్మా. అడగకపోతిమి" అని తలుపు పక్కకు పోయి నిలబడ్డాడు.

ఆ ముసలమ్మ పేరు ఈరవ్వ. ఆమె బిడ్డ ఏడుపును పట్టించుకోలేదు. సంచి కింద పెట్టి, గోడ దగ్గరకు పోయి, తన ఫోటోను తానే కాసేపు చూసుకుంది. మెల్లగా దండను ముట్టుకుంది.

"ఓయమ్మ, కాయితమా! ముట్టకుంటే ఎర్కయ్యేదే గాదు." ఇంకొంచెం వెనక్కి జరిగి చూసింది. "మంచిగనే కనవడ్తున్న. సచ్చినంక గిట్లుంటనన్నట్టు."

"అవ్వా! ఊకో!" అని అరిచింది సుమన.

"నువ్వే ఊకో. అందరు సచ్చినంకనే ఏస్తరు. అప్పుడు నాకు కనవడ్తదా, ఏమన్ననా? కండ్లుండంగనే సూస్తే ఏమైతది?" ఈరవ్వకు నవ్వు ఆగడం లేదు. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకొని, ఉన్నట్టుండి ముఖం చిట్లించింది. "గని బిడ్డా, మల్లెలెందుకేసినవే? నాకు మల్లెలు పడయి. వాసనకే తలకాయ పలుగుతది."

సుమన ఏడుపు టక్కున ఆగింది. "మల్లెలు పడయా? ఇన్నేండ్ల సంది పండుగ పండుగకు నేను మల్లెలే తెస్తుంటి గద అవ్వా!"

"తెచ్చినవ్. నువ్వు తెచ్చినవని పెట్టుకున్న."

సుమన గోడకు ఆనుకొని అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. తల్లి ముఖం వైపు, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మరి నీకేది పానం?" అని అడిగింది.

"మోతుకు పువ్వు, మోదుగంటరు గదే. గది సిగల పెట్టుకునే పువ్వు గాదు, దండ కట్టేది గాదు. అడివి పువ్వు. మా గుట్టల పొంటి ఆకురాలినంక పూస్తది సూడు, సెట్టంత నిప్పంటుకున్నట్టు. చిన్నప్పుడు మేకలు తోలుకపోయి గా సెట్ల కింద పండుకుంటుంటి. పైకి సూస్తే ఆసమాను గూడ కనవడకపోయేది." ఈరవ్వ త్రివేణి వైపు తిరిగింది. "నీకు చెయ్యొస్తదా? వస్తే గా మల్లెలు తీసి మోతుకు పూలతోని కట్టు. నా సందుకల ఆఖరి చీర మడతవెట్టి ఉంచుకున్న. దాని మీద ఇది గూడ పెట్టుకుంట. నేను పోయే యాల్లకు ఎతుకులాట ఉండది."

త్రివేణి తల ఊపింది. సంచిలో నుంచి నారింజ రంగు కాగితం, కత్తెర, తీగ తీసుకొని అక్కడే నేల మీద కూర్చుంది. పరమేశ్వర్ దండ తీసి పక్కన పెట్టి, అద్దం మీద బొట్టు తుడిచి, మిగిలిన తాళ్లు చుట్టుకుంటూ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఈరవ్వ వచ్చి త్రివేణి పక్కనే చతికిలబడింది. మొదటి పువ్వు చూసి "ముక్కు ఇంకింత వంగాలె. చిలక ముక్కు తీరు" అంది. రెండో పువ్వుకు "ఆఁ, గిప్పుడొచ్చింది తొవ్వకు. కింద తొడిమ నల్లగ ఉంటది, మకుమల్ తీరు" అంది. బతికున్న మనిషి తన కడపటి దండకు తానే కూర్చొని వంకలు పెడుతుంటే, ఆ మధ్యాహ్నం ఆ కొత్త ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. బయట నుంచి సున్నం వాసన, లోపల నారింజ రంగు వెలుగు.

నాలుగో పువ్వు దగ్గర ఈరవ్వ గొంతు తగ్గించి అడిగింది. "ఒక్కటి చెప్పు బిడ్డా. గా మల్లెలు ఎవల కోసం కట్టినవ్? అంత పానం వెట్టి కట్టినవంటే, గది నా కోసమైతే గాదు."

త్రివేణి కత్తెర ఆపింది. "మా అవ్వ కోసం. నా ఏడేండ్లప్పుడు పోయింది. గామెకు ఏ పువ్వంటే ఇష్టముండెనో ఎవలకు ఎర్క లేదు. మా బాపుకు గూడ ఎర్క లేదు. మల్లెలు కావచ్చని ఊకెనే అనుకున్న."

ఈరవ్వ వక్క ఒకటి నోట్లో వేసుకుంది. "మరి నీకేది పానం?" అంది.

త్రివేణి నోరు తెరిచింది. పద్దెనిమిదేళ్లుగా లోకంలో ఉన్న పూలన్నీ తన చేతుల మీదుగా పోయాయి. అడిగిన ప్రతి మనిషికీ అడిగిన ప్రతి పువ్వూ చేసింది. తన పువ్వు పేరు చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం చేతిలో కత్తెరను అటూ ఇటూ తిప్పింది. ఎవరూ చేయించుకోని పువ్వు అది, తాను ఎన్నడూ ఎవరికీ పైకి చెప్పని పువ్వు. గుమ్మం వైపు చూడకూడదనుకుంది.

"చెరుకు పూత" అన్నాడు పరమేశ్వర్.

తల ఎత్తలేదు. తాడు చుట్టుకుంటూనే ఉన్నాడు.

"పెండ్లైన ఏడు ఎడపల్లి తొవ్వల బండి ఆపుమన్నది. చేనంత పూసి తెల్లగ ఎండిలెక్క మెరుస్తుండె. పూస్తే చెరుకు తీపి తగ్గుతది గద, గా రైతు నెత్తికి చేతులు వెట్టుకొని గట్టు మీద కూసున్నడు. గీమె ఏమో తీర్థానికొచ్చినట్టు సంబురపడవట్టె. నాకు గాయన ముఖం సూడ సిగ్గాయె." ఆయన ఒక్క రోజులో ఇన్ని మాటలు ఖర్చు పెట్టడం ఎవరూ ఎరగరు. "అప్పటి సంది తొవ్వల యాడ పూత కనవడ్డా బండి మెల్లగ తోల్త, సూస్తదని."

పద్దెనిమిదేళ్లుగా ఆ బండికి పికప్ లేదని, ఎడపల్లి దగ్గర మరీ నెమ్మదిస్తుందని, అమ్మేసి ఇంకొకటి కొనమని మొగుణ్ని సాధిస్తూ వచ్చింది త్రివేణి. ఇప్పుడు ఆయన వైపు చూసింది, చూస్తూ చూస్తూ ఏడ్చేసింది. దాచుకోవాలని కూడా అనుకోలేదు. చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది.

"కాయితం తడుస్తదే" అంది ఈరవ్వ.

అప్పటికే తడిసింది. నారింజ రంగంతా త్రివేణి వేళ్లకు అంటుకుంది.